బెల్‌బాటం ఇంకా రాని ఏడాది

ముందుగా నా తెలివితక్కువతనం ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక. డెబ్బై దాటిన మనిషి మోకాళ్లకు నూనె రాసుకుంటూ తార్నాకలో తన మానాన తాను పడి ఉండక, సినిమావాళ్లకు చరిత్ర నేర్పుతానని బయలుదేరడం కంటే పెద్ద తెలివితక్కువతనం ఉంటుందనుకోను. ఉంటే అది కూడా ఎప్పుడో నేనే చేసి ఉంటాను, కాస్త గుర్తు తెచ్చుకోవాలి. మొన్న టీవీలో ఆ సినిమా మళ్లీ వచ్చింది. మా ఆవిడ రిమోటు నాకు అందకుండా ఒళ్లో పెట్టుకుని మరీ చూసింది. చూస్తున్నంతసేపూ తెరవంక ఒకసారి, నావంక ఒకసారి చూసి నవ్వుతూనే ఉంది. ఇక ఈ సంగతి నా ఈడువాళ్లకు చెప్పుకోకపోతే నాకు తిన్నది అరిగేలా లేదు.

మా మనవరాలు సినిమావాళ్ల దగ్గర బట్టల విభాగంలో పనిచేస్తుంది. ఎవరికి ఏ చొక్కా, ఏ చీర, ఏ చెప్పు అన్నది చూసుకునే ఉద్యోగం. ఇంట్లో మాత్రం తన బట్టలు తాను మడత పెట్టుకోగా నేను చూడలేదు. కిందటేడు ఒక సాయంత్రం వచ్చి పక్కన కూర్చుని, "తాతా, అరవై తొమ్మిదిల మన క్యాంపస్ ఎట్లుండెనో దానిమీద సినిమా తీస్తున్నరు, ఫుల్ కామెడీ. నువ్వు అప్పుడు గాడనే చదివినవు కదా, ఫోటోలేమన్న ఉన్నయా?" అని అడిగింది. ఉన్నది ఒక్క ఫోటో. అందులో నేను కళ్లు మూసుకుని ఉన్నాను. ఆ లోటు నోటితో పూడ్చబోయాను, అదే నేను చేసిన పని.

బెల్‌బాటం ప్యాంట్లు అప్పటికింకా రాలేదని మొదలుపెట్టాను. అవి రావడానికి ఒకటి రెండేళ్ల ముందు మేమంతా గొట్టం ప్యాంట్ల వాళ్లం. పాదం దగ్గర ఎంత బిగుతుగా ఉంటే అంత ఘనత. సీతాఫల్‌మండిలో మాకు కుట్టిపెట్టే దర్జీ కొలత తీసుకుంటూ ఇందులో కాలు దూరదని ఉర్దూలో మొత్తుకున్నా, దూరకపోతే తప్పు కాలిదే తప్ప ఫ్యాషన్‌ది కాదని వాదించే వయసు. ఆ ప్యాంటు తొడగాలంటే ముందు పాదానికి వార్తాపత్రిక చుట్టి, ఆ కాగితం నున్నదనం మీద కాలును లోపలికి జార్చి, తర్వాత కాగితాన్ని కిందినుంచి ఒడుపుగా లాగేయాలి. హాస్టల్‌కు దినపత్రిక వచ్చీ రాగానే మాయమయ్యేది. లోకజ్ఞానం మీద మాకున్న ఆసక్తికి వార్డెన్ మురిసిపోయేవాడు. నిజానికి ఆ ఏడాది ప్రపంచ వార్తలన్నీ మా కాళ్లకే బాగా తెలుసు, తలకు అంతగా తెలియవు.

కూర్చోవడం మటుకు కుదిరేది కాదు. ఇరానీ హోటల్లో కుర్చీ అంచుకు ఆనుకుని, నిలబడ్డట్టూ కాక కూర్చున్నట్టూ కాక, చాయ్‌ని కప్పులోంచి సాసర్‌లోకి వంపుకుని ఊదుకుంటూ తాగేవాళ్లం. హాస్టల్ మొత్తానికి ఒకటే రేడియో. సిలోన్ స్టేషన్‌లో పాటలు వచ్చే సాయంత్రం దానికి ఎవరి చెవి దగ్గరగా ఉంటే వాడే ఆ పూటకు రాజు. సినిమా చూడలేకపోయినా హాలు బయట పాటల పుస్తకం కొనేవాళ్లం, బాణీ తెలియదు కనుక మా సొంత బాణీలో పాడుకునేవాళ్లం; తీరా ఎప్పుడో సినిమా చూసినప్పుడు వాళ్లే తప్పు పాడుతున్నారనిపించేది. ఇక ఆ సినిమాల్లో మా ఊళ్ల మాట మాట్లాడేవాడు సాధారణంగా ఒక్కడే ఉండేవాడు. రిక్షావాడో, నౌకరో. వాడు నోరు విప్పగానే హాలంతా నవ్వేది. వాడు నవ్వించే మాటేదీ అనేవాడు కాదు, ఊరికే నోరు విప్పేవాడు.

దీనిమీద మా బావ ఒక మాట అనేవాడు. బావంటే మా మేనమామ కొడుకు, నాకన్నా కొంచెం పెద్ద, హాస్టల్లో నా గదివాడు. "మనం మాట్లాడితె నవ్వుతరు బామ్మర్దీ. అదే మనం నవ్విస్తె, ఎవ్వలు మాట్లాడరు" అనేవాడు. నిజంగా నవ్వించేవాడంటే వాడే. మెస్‌లో వాడు కూర్చున్న బల్ల చుట్టూ పళ్లేలు పట్టుకుని నిలబడి తినేవాళ్లు, పప్పు చల్లారినా కదిలేవాళ్లు కాదు. నా ప్యాంట్లంటే వాడికి మహా చులకన. తాను పైజామా తప్ప తొడిగేవాడు కాదు. ఊపిరాడని బట్టలల్ల ఉద్యమం నడువదని వాడి సిద్ధాంతం.

ఆ సిద్ధాంతం ఎంత నిజమో ఒకరోజు తెలిసింది. క్యాంపస్ నుంచి తార్నాక దాకా మా ఊరేగింపు వచ్చింది. మా ఉద్యోగాలు మాకు కావాలని, మా రాష్ట్రం మాకు కావాలని గొంతులు బొంగురుపోయేలా అరుస్తున్నాం. పోలీసులు రెండు వైపుల నుంచీ ఒక్కసారి మీదికొచ్చారు. అందరూ పక్కనున్న ఇళ్ల వైపు పరుగెత్తి, దొరికినవాళ్లు దొరికిన ప్రహరీగోడ దూకేస్తున్నారు. నేనూ ఒక గోడ దగ్గరికి చేరి కాలెత్తాను. కాలు ఎత్తుదామనే అనుకుంది, ప్యాంటు ఒప్పుకోలేదు. మోకాలు ఒక జానెడు లేచి ఆగిపోయింది. మళ్లీ ఎత్తాను, మళ్లీ అంతే. వెనక లాఠీల చప్పుడు దగ్గరవుతుంటే నేను గోడ ముందు ఒంటికాలి కొంగలా ఎగురుతున్నాను.

బావ అప్పటికే గోడ అవతల ఉన్నాడు, క్షేమంగా. గోడమీద తల పెట్టి నన్ను చూశాడు. చూసి, నిమిషమైనా ఆలోచించకుండా తిరిగి ఇవతలికి దూకాడు. "కదలకు బామ్మర్దీ, కుట్లు ఇప్పుతున్న" అని మోకాలి దగ్గర కుట్టు పట్టి ఒక్క గుంజు గుంజితే పైదాకా చిరిగింది. రెండో కాలు కూడా అంతే. ఆ తర్వాత నన్ను కిందినుంచి బస్తాలా ఎత్తి గోడ మీదికి తోశాడు. ఆ తోయడంలో వాడి వీపు పోలీసుల వైపు ఉంది, కాళ్లు నేలమీద ఉన్నాయి. పక్కనుంచి వచ్చిన లాఠీ సరిగ్గా మోకాలి మీద పడింది. అయినా ఎట్లాగో గోడెక్కి నా పక్కన పడ్డాడు.

మేము పడింది ఒక రాయలసీమ కుటుంబం పెరట్లో. ఆ ఇంటాయన ప్రభుత్వ కచేరీలో గుమాస్తా. మేము పొద్దుటి నుంచి ఎవరి ఉద్యోగాల గురించి అరుస్తున్నామో అచ్చంగా అటువంటి ఉద్యోగం. ఆయన ఇంట్లో లేడు. ఆవిడ వెనక తలుపు తీసి మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏం నాయనా, ఏంటికి దుంకినారు గోడ? సరే, ఇంగ లోపలికి రాండి. ఆ బూట్లోళ్లు చూస్తే మిమ్మల్ని కొడతారు, నన్ను తిడతారు" అని లాక్కుపోయి గడియ పెట్టింది. బావ మోకాలికి పసుపు రాసి వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టింది. నాకు వాళ్లాయన పంచె ఇచ్చి, నా ప్యాంటు కుట్టు మిషను మీద వేసుకుంది. బావకు మనసొప్పక, "అమ్మా, మేం గింతసేపు ఒర్రింది మీ ఆయన నౌకరీ మీదనే" అని చెప్పేశాడు. ఆవిడ మిషను ఆపకుండానే, "తెలుసు లేప్పా, ఇనపడింది. బాగానే అరిచినారు. రవ్వంత అన్నం తినిపోండి, ఆయప్ప వచ్చే లోపల" అంది. తిన్నాం. ప్యాంటు మటుకు ఆవిడ నాకు చెప్పకుండా బాగా వదులు చేసి కుట్టింది. దానికంటే సుఖమైన ప్యాంటు నేను మళ్లీ తొడగలేదు.

ఆ ఏడాది చదువులు అట్లాగే కొట్టుకుపోయాయి. కొందరు తిరిగి రాలేదు, ఆ సంగతి ఇక్కడ కలపడం నాకు ఇష్టం లేదు. బావ మోకాలు సగమే వంగేది. ఊరికి పోయి మంచాన పడి, చదువు అక్కడే ఆగి, ఎన్నో తిప్పలు పడ్డాక వారాసిగూడలో చిన్న కిరాణా పెట్టుకున్నాడు. నేను గోడకు అవతలి పక్క భద్రంగా పడ్డవాణ్ణి కనుక డిగ్రీ అయింది, ఉద్యోగమైంది, తార్నాకలో ఇల్లయింది. బావ ఈ మాట ఒక్కనాడు ఎత్తిపొడవలేదు. నేనెత్తితే, "నా మోకాలు సంగతి తియ్యకు, నీ ప్యాంటు సంగతి చెప్పు, నవ్వుకుందం" అనేవాడు.

ఇదంతా మనవరాలికి చెప్పాను. అది వెళ్లి డైరెక్టరుకు చెప్పింది. ఆ అబ్బాయి మర్యాదస్తుడు, మా ఇంటికే వచ్చి కాళ్ల దగ్గర మోడా వేసుకుని కూర్చుని అంతా విని, "గోల్డ్ సార్ ఇది. గోడ సీన్ మొత్తం పెట్టేస్తున్నాం సార్" అన్నాడు. నేను ఉండబట్టలేక ఆ సాయంత్రమే బావకు ఫోన్ చేసి, నీ కథ సినిమాలో వస్తున్నదని చెప్పేశాను. పైకి మాత్రం, "ఏందో, చూస్తం తియ్యి" అన్నాడు. వారం తిరిగేసరికి వాళ్ల గల్లీలో పాలవాడితో సహా అందరికీ తెలిసిపోయింది. నీ వేషం ఎవరు కడుతున్నారని అడుగుతుంటే, పెద్ద హీరోనే అయుంటడని చెప్పుకున్నాడట.

షూటింగుకు రోజూ గొడుగేసుకుని వెళ్లేవాణ్ణి. మొదటిరోజే కళ్లు తిరిగాయి. కుర్రాళ్లంతా బెల్‌బాటం ప్యాంట్లలో ఉన్నారు. ఒక్కొక్క దాంట్లో నా పాతవి మూడు కుట్టొచ్చు. మనవరాలిని పక్కకు పిలిచి అడిగితే, "తాతా, టైట్ ప్యాంట్లు ట్రై చేసినం. ఒకాయనకు డాన్సుల కుట్లు పోయినయి, ఇజ్జత్ పోయింది. మళ్ల బెల్‌బాటం చూస్తెనే జనానికి పాతకాలమని సమజైతది" అంది. సరే అనుకున్నాను. హాస్టల్ గదిలో గ్రామఫోను పెట్టారు. మేము గ్రామఫోనును కిటికీల్లోంచి చూడడమే గాని తాకింది లేదు. అదీ సరే. గోడల మీద నినాదాలు అచ్చుగుద్దినట్టు చక్కటి అక్షరాల్లో ఉన్నాయి. మేము తారులో వేపపుల్ల ముంచి రాస్తే సగం అక్షరాలు కారిపోయి, నినాదం ఏమిటో మాకే తెలిసేది కాదు. అదీ వదిలేశాను. ఇరానీ హోటల్లో చాయ్ చిన్న గాజు గ్లాసుల్లో వచ్చింది. సాసర్ లేకుండా చాయ్ తాగడమంటే నాకు నీళ్లు లేకుండా ఈత అన్నట్టే, అయినా మింగేశాను. కామెడీ కదా, బట్టల్లో గిన్నెల్లో నిజం లేకపోతే కొంపలేమీ మునగవని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

గోడ సీను తీసిన రోజు మాత్రం సర్దుకోలేకపోయాను. సినిమా మొత్తానికి గొట్టం ప్యాంటు ఒకే ఒక్కడికి తొడిగారు, మా భాష మాట్లాడే కమెడియన్‌కు. వాడు గోడ దగ్గర ఇరుక్కుపోయి, "ఓరి నాయనో, సస్తి, నన్ను ఇడువుండ్రి సారూ" అని కుయ్యోమొర్రోమని గంతులేస్తుంటే, పుస్తకాల భాష మాట్లాడే హీరో బెల్‌బాటం రెపరెపలాడిస్తూ గోడ మీదినుంచి ఎగిరివచ్చి, వాడి ప్యాంటు చింపి, మూటలా అవతలికి విసిరి, లాఠీని చిరునవ్వుతో ఛాతీమీద కాచుకున్నాడు. మా బావ చేసిన పని హీరోకు పోయింది. నా బుద్ధితక్కువతనం బావ మాట మాట్లాడేవాడికి వచ్చింది. అన్నం పెట్టిన సీమ ఆవిడను చూస్తే ఇంకా బాధేసింది. ఆవిడ చేతికి వేటకొడవలి ఇచ్చారు.

డైరెక్టరు దగ్గరికి వెళ్లి, ఆ ప్యాంటు నాది నాయనా, దూకి వెనక్కి వచ్చినవాడే ఈ మాట మాట్లాడేవాడు, నువ్వు తలకిందులుగా తీశావు అని చెప్పాను. అతను ఓపిగ్గా విని, "హీరో సేవ్ చెయ్యాలి కదా సార్. కామెడీకి ఆ స్లాంగ్ భలే పండుతుంది. మీరే చెప్పారు కదా, ఆ కాలం సినిమాల్లో ఆ భాష కమెడియన్‌కే ఉండేదని. మేం పీరియడ్‌కి ఫెయిత్‌ఫుల్‌గా ఉన్నాం సార్" అన్నాడు. ఏ వెటకారమూ లేదు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

అక్కడ నాకొక విషయం తెలిసింది. ఈ పిల్లలు మా కాలాన్ని కష్టపడి వెతికే ఉంటారు, కాదనను, కానీ వెతికింది మా కాలపు సినిమాల్లో. అక్కడ మమ్మల్ని ఎట్లా చూపించారో అట్లాగే మేం ఉండేవాళ్లమని నమ్మారు. ఇప్పుడు రాష్ట్రం వచ్చింది, మా మాట మాట్లాడే హీరోలూ వచ్చారు, హాళ్లలో ఈలలూ పడుతున్నాయి. పాతకాలం తీద్దామనుకునేసరికి మాత్రం పాత నవ్వే ముందు గుర్తొస్తుంది. ఆ గోడ ఉన్నచోట అపార్టుమెంటు లేచింది. సీమ ఆవిడ ఎప్పుడో కాలం చేసింది. నేనూ బావా పోయామంటే ఆ పెరట్లో ఏం జరిగిందో చెప్పడానికి ఈ సినిమా ఒక్కటే మిగులుతుంది. ఇది తలుచుకున్నాక ఊరుకోకూడదని గట్టిగా నిశ్చయించుకున్నాను. బావను సినిమాకు రావద్దని చెప్పడం ఒక దారి. ఆ ఫోను చెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. అప్పటికే కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

మనవరాలిని బతిమాలాను. "తాతా, కథ నా చేతుల లేదు. గుండీలే నా చేతుల ఉన్నయి" అంది, దాని కళ్లు కూడా చెమ్మగిల్లాయి. ఇరానీ హోటల్ సీనులో వెనక బల్ల దగ్గర కూర్చోవడానికి ఒక ముసలాయన కావాలంటున్నారని, కూర్చుంటావా అని మెల్లగా అడిగింది. కూర్చుంటానన్నాను. నాకు ఒక పాత కోటు తొడిగి, గుండీలు తనే పెట్టింది.

సీనేమిటంటే, కమెడియన్ తాను గోడ దగ్గర ఇరుక్కున్న వైనం చెప్పుకుంటాడు, హోటల్లో వాళ్లంతా పగలబడి నవ్వుతారు. అప్పుడు హీరో కుర్చీ మీద కాలుపెట్టి ధైర్యం చెబుతాడు, అందరూ ఆరాధనగా చూస్తారు. నా పని నవ్వడం, తర్వాత ఆరాధించడం. మొదటిసారి తీసినప్పుడు నేను నవ్వలేదు. "సార్, నవ్వాలి సార్" అన్నాడు డైరెక్టరు. రెండోసారి కూడా నవ్వలేదు. చాయ్ తాగుతూ కూర్చున్నాను. చెవులు సరిగా వినపడటం లేదేమోనని అసిస్టెంటు వచ్చి బల్ల పక్కన నక్కి, నవ్వాల్సిన చోట నా మోకాలు తట్టాడు. తట్టినప్పుడల్లా వాడివైపు మర్యాదగా చూశాను. వెలుతురు తగ్గిపోతోంది, ఆ హోటలు అద్దె ఆ పూట వరకే. డైరెక్టరు చివరికి దండం పెట్టి, "తాతగారూ, ఒక్కసారి, ఎక్కడో ఒకచోట నవ్వండి చాలు" అన్నాడు.

ఎక్కడో ఒకచోట అని అతనే అన్నాడు.

మళ్లీ మొదలైంది. కమెడియన్ తన కథ చెప్పాడు, అందరూ నవ్వారు, నేను చాయ్ ఊదుకున్నాను. హీరో కుర్చీమీద కాలుపెట్టి, బెల్‌బాటం సర్దుకుని, "మిత్రులారా, నేనుండగా మీకు భయమెందుకు?" అన్నాడు. అప్పుడు నవ్వాను. కావాలని మొదలుపెట్టిన నవ్వు, మధ్యలో నిజమైన నవ్వయి కూర్చుంది. గోడమీద నుంచి లేచిన బావ తల గుర్తొచ్చి, కొంగలా ఎగిరిన నా కాలు గుర్తొచ్చి, ఈ బెల్‌బాటం పెద్దమనిషి మమ్మల్ని కాపాడాడన్న మాట తలుచుకుని, చాయ్ కోటు మీద ఒలికేదాకా నవ్వాను. పక్క బల్లలవాళ్లకు కారణం తెలియకపోయినా నవ్వు అంటుకుంది. డైరెక్టరు ఒక్క క్షణం తల గోక్కుని, గడియారం చూసుకుని, ఓకే అనేశాడు. కత్తిరించేస్తారేమో అనుకున్నాను. కత్తిరించలేదు. ఆ హోటల్లో ఓకే అన్న ముక్క వాళ్ల దగ్గర అదొక్కటే ఉంది మరి.

సినిమా విడుదలైనాక కాచిగూడలో మ్యాట్నీకి వెళ్లాం, నేనూ, బావా. కాలు చాపుకోవడానికి వీలుగా వాడికి చివరి కుర్చీ. గోడ సీను వచ్చింది. హాలు విరగబడి నవ్వింది. బావ కదలకుండా చూశాడు. నవ్వులు తగ్గాక నావైపు వంగి, "బామ్మర్దీ, నీ ప్యాంటు నాకెందుకు తొడిగిండ్రు?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అది ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. కొంచెమాగు బావా అని మాత్రం అన్నాను.

ఇరానీ హోటలు వచ్చింది. కమెడియన్ చుట్టూ అందరూ నవ్వుతున్నారు. వాళ్ల వెనక పాత కోటు తొడుక్కున్న ఒక ముసలాయన, చక్కెర వెయ్యడం మరిచిపోయిన చాయ్ తాగుతున్నట్టు ముఖం పెట్టుకుని, ఒక్క వెంట్రుకైనా కదలకుండా కూర్చుని ఉన్నాడు. హీరో కాలు కుర్చీ మీదికి వెళ్లింది. నేనుండగా మీకు భయమెందుకు అన్నాడు. ముసలాయన పగలబడ్డాడు. తెరమీద చాయ్ ఒలికేసరికి మా ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, ఆ వెనక ఇంకెవరో, ఆపైన హాలు హాలంతా హీరో మొహం మీదే నవ్వింది.

బావ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీయాల్సి వచ్చింది. నా తొడమీద గట్టిగా ఒకటి చరిచి, పక్క కుర్చీలో ఉన్న పరాయి మనిషికి కూడా వినపడేలా, "గా ముసలోడు ఎవడో గని, అసలు సంగతి ఆయనకొక్కనికే ఎర్కున్నట్టున్నది" అన్నాడు.